మెట్లెక్కిన పడవలు

మా నల్లమాడ ప్రాంతపు పల్లెల్లో నీటిని గురించిన మాటలకు కొదవ లేదు, కొదవంతా నీటికే. చెరువు, కుంట, కట్ట, తూము, మరువ, కాలవ, కపిల, బావి, చివరకు బోరు. తూము చెరువు నీటిని ఆయకట్టుకు వదిలే దారి. మరువ చెరువు నిండిన తరువాత మిగులు నీరు పొర్లిపోయే దారి. "ఈ యేడు మరువ పారింది" అన్న చిన్న వాక్యంలో ఎంత సంతోషం ఇమిడి ఉన్నదో సీమవాసికి తప్ప ఇతరులకు సులభంగా అందదు. ఇన్ని మాటలున్న ఈ పట్టికలో 'లాకు' అనే మాట మాత్రం లేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల వారికి అది ఇంటి మాట. "లాకుల దగ్గర" అంటే ఊరంతటికీ తెలిసిన గుర్తు. అది ఇంగ్లీషు నుంచి వచ్చినదన్న ఎరుక కూడా పలికేవారికి ఉండదు. మా వైపు ఆ మాట వినిపించకపోవడానికి పెద్ద నది లేకపోవడమే కారణమని ఎవరైనా అనుకోవచ్చును. కాని చరిత్ర అంత సూటిగా లేదు. లాకు అనే ఏర్పాటు ఒకప్పుడు రాయలసీమలోనికి, కర్నూలు నుండి కడప దాకా, కోట్ల రూపాయల ఖర్చుతో వచ్చినది. వచ్చి నిలువలేకపోయినది. అది ఎందుకు వచ్చినదో, ఎందుకు నిలువలేదో తెలుసుకుంటే నీటి విషయంలో నేటికీ మనకు పనికివచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా మాటల సంగతి. పందొమ్మిదవ శతాబ్దిలో మన నదుల మీద పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీర్లు నదికి అడ్డంగా కట్టిన కట్టడాన్ని తమ భాషలోని మాటతో పిలువలేదు. దక్షిణదేశంలో విన్న 'ఆనకట్ట'నే, తమిళ రూపమైన 'అణైక్కట్టు' ద్వారా, 'అనికట్' అని తమ నిఘంటువులలో చేర్చుకొన్నారు. మనం వారి నుంచి 'లాకు'ను తీసుకొన్నాము. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక న్యాయమున్నది. నీటిని అడ్డగించి నిలుపుకోవడం మనకు వేల ఏండ్ల విద్య, కనుక ఆ మాట మనది. నిలిచిన నీటిలో పడవను ఎక్కించి దించడం వారు తెచ్చిన విద్య, కనుక ఈ మాట వారిది. లాకుల దగ్గర పనిచేసే 'లస్కరు', పడవ నడిపే 'సరంగు' అన్న మాటలు పారసీకం నుంచి వచ్చినవి. ఒక్క లాకు గట్టు మీద నిలబడితే మూడు నాలుగు దేశాల భాషలు కాళ్ళకు తగులుతాయి.

లాకు పనిచేసే తీరు తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఏటవాలు నేల మీద నీరు పరుగెత్తుతుంది. పరుగెత్తే నీటిలో పడవ క్రిందికి పోగలదు గాని పైకి రావడం కష్టం. అందువల్ల కాలువను మెట్లుగా విడగొడతారు. ఒక్కొక్క మెట్టు మీద నీరు ఇంచుమించు నిలకడగా ఉంటుంది. మెట్టుకూ మెట్టుకూ నడుమ రాతితో గాని కాంక్రీటుతో గాని ఒక పొడవైన గది కట్టి, దానికి రెండు చివరల తలుపులు పెడతారు. క్రింది నుంచి వచ్చిన పడవ గదిలోనికి చేరగానే వెనుక తలుపు మూస్తారు. పై మెట్టు నీటిని చిన్న తూముల గుండా గదిలోనికి వదులుతారు. నీటితోపాటు పడవ లేస్తుంది. గదిలో మట్టం పై మట్టంతో సమానమైనప్పుడు ముందరి తలుపు తెరుచుకొంటుంది. దిగవలసిన పడవకు ఇదే క్రమం తలక్రిందులుగా జరుగుతుంది. ఇందులో యంత్రబలం లేదు. పడవను ఎత్తేది నీరే, నీటిని తెచ్చేది పల్లమే. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. పడవ ఎక్కినా దిగినా ప్రతిసారీ ఒక గదినిండా నీరు పై మెట్టు నుంచి క్రింది మెట్టుకు పోక తప్పదు. ఈ వ్యాసంలో చివరి వరకు మనతో నడిచేది ఈ ఒక్క సూత్రమే.

ఇటువంటి జంట తలుపుల గదిని మొదట కట్టినది చైనావారు. క్రీస్తుశకం 984లో, సోంగ్ వంశపు కాలంలో, హువాయ్‌నాన్ ప్రాంతపు రవాణా అధికారి చియావో వెయ్‌యుయె దీనిని నిర్మింపజేశాడు. అంతకు ముందు ధాన్యపు పడవలను ఏటవాలు కట్టల మీదుగా తాళ్ళతో లాగి అవతలి నీటిలోనికి దించేవారు. ఆ లాగుడులో పడవలు పగిలేవి, పగిలినప్పుడు ధాన్యం దొంగల పాలయ్యేది. ప్రభుత్వ ధాన్యం దొంగిలింపబడకుండా చేయవలసిన అవసరం నుంచి ఈ ఏర్పాటు పుట్టినది. ఐరోపాలో దీనికి తొలి ఉదాహరణగా చెప్పేది 1373 నాటి నెదర్లాండ్స్‌లోని ఫ్రేస్‌వైక్ లాకు. రెండు రెక్కలు కలిసి ఎదురు నీటి వైపు కోణంగా మొన తేలి, నీటి ఒత్తిడే తమను బిగించేటట్లు చేసే తలుపుల అమరిక పదిహేనవ శతాబ్ది చివర ఇటలీలోని మిలాన్ నగరంలో కనిపిస్తుంది. దానిని లియొనార్డో డా వించి పేరుతో ముడిపెడతారు. నీరు ఎంత గట్టిగా నెడితే తలుపు అంత గట్టిగా మూసుకొంటుంది. నేటికీ లోకంలో చాలా లాకులకు ఇవే తలుపులు.

ఆ కాలంలో మన వైపు ఏమి జరుగుతున్నదని చూడడం చరిత్ర విద్యార్థికి ఉచితమైన కుతూహలమే. ఫ్రేస్‌వైక్ లాకుకు నాలుగేండ్ల ముందు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం వెలసినది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించిన ఆ చెరువు కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఆ శిలపై ఉన్నవి. కొండలను కలుపుకొని పొడవు 5,000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల శ్రమ. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా శాసనకర్త లెక్కించి చెప్పినాడు. ఇక 1388లో పెనుకొండలో ఉన్న ప్రతాప బుక్కరాయలు, జలమే ప్రాణులకు ప్రాణమని తలచి, హెన్నె నదిని, అనగా పెన్నను, పెనుకొండకు తెమ్మని సింగయభట్టు అనే జలసూత్ర విద్వాంసుని ఆజ్ఞాపించినాడు. సింగయభట్టు శిరువేర చెరువు దాకా కాలువ నడిపి దానికి రాజు పేరు పెట్టినాడు. ఈ సంగతి చెప్పే శాసనం హిందూపురానికి పొరుగుననున్న గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికినది.

చైనా అధికారికి పడవలు కావలసి వచ్చినవి, డచ్చివారికి పడవలు కావలసి వచ్చినవి, సింగయభట్టుకు నీరు కావలసి వచ్చినది. విద్యలో హెచ్చుతగ్గులు లేవు, అవసరంలో తేడా ఉన్నది. ఏడాదిలో కొన్ని వారాలు పారి ఇసుకగా మిగిలిపోయే నది గల దేశంలో నీటిని పట్టి నిలుపుకోవడమే మొదటి పని. దాని మీద పడవ తేలించాలన్న ఊహ రావాలంటే నీరు పుష్కలంగా ఉండాలి, లేదా అటువంటి దేశం నుంచి వచ్చినవారికి ఆ ఊహ కలగాలి. మన దగ్గర జరిగినది రెండవది.

సర్ ఆర్థర్ కాటన్ 1803లో జన్మించి 1899లో మరణించినాడు. 1832–33 నాటి నందన నామ సంవత్సరపు కరువు, గుంటూరు వైపు డొక్కల కరువని పేరుపడినది, తెలుగు తీరాన్ని ఊడ్చివేసిన తరువాత గోదావరి నీరు సముద్రంలో కలిసిపోతూ ఉండగా ప్రజలు ఆకలితో చావడమేమిటన్న ప్రశ్న గట్టిగా లేచినది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. కూలీలను సమకూర్చి నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న. డెల్టావారు నేటికీ కాటన్‌ను భగీరథునితో పోల్చి స్మరించుకొంటారు. అయితే ఆనకట్టను మాత్రమే తలచుకొని ఆయన ఆలోచనలోని రెండవ సగాన్ని మరిచిపోతూ ఉంటారు. కాటన్ దృష్టిలో కాలువ కేవలం పంటబోదె కాదు, అది రాజమార్గం. ఒకే త్రవ్వకంతో పొలానికి నీరు, పండిన గింజకు దారి. అందుచేత కాలువ తలల వద్ద, మట్టం మారిన ప్రతి చోట లాకులు కట్టించినాడు. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం వద్ద నదిలోని పడవ కాలువలోనికి దిగేది లాకుల గుండానే.

1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట కూడా సిద్ధమైనది. ఏలూరు కాలువ రెండు నదులను కలిపినది. దక్షిణాన కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా సాగి బకింగ్‌హాం కాలువను అందుకొన్నది. ఈ మార్గపు కొలతలు నేటి జలమార్గాల సంస్థ లెక్కలో ఇట్లా ఉన్నవి. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113, మద్రాసుకు ఉత్తరాన బకింగ్‌హాం కాలువ 316, దక్షిణాన 110, ఆ పైన కాలువెళ్ళి చెరువు 22. మొత్తం 750 కిలోమీటర్లు. కాకినాడలో బియ్యపు బస్తా పడవకెక్కితే సముద్రపు అలను చూడకుండానే మద్రాసు చేరేది. గాలి ఉంటే తెరచాప, గాలి లేకపోతే గట్టు మీద తాడు పట్టిన మనుషులు. లాకు వద్ద వంతు కోసం ఆగిన పడవల చుట్టూ బజారు పుట్టేది, బజారు చుట్టూ ఊరు పెరిగేది.

బకింగ్‌హాం కాలువ లాకుల పని కొంచెం వేరు. ఆ కాలువ తీరం వెంబడి ఇంచుమించు సముద్రమట్టంలోనే నడుస్తుంది, కనుక పడవను ఎత్తవలసిన పని అక్కడ తక్కువ. కాని దారిలో అడ్డం వచ్చే నదులకు వరదలుంటాయి, సముద్రానికి ఆటుపోటులుంటాయి. పోటు వచ్చినప్పుడు ఉబ్బకుండా, ఆటు వచ్చినప్పుడు ఎండకుండా, వరద వచ్చినప్పుడు తెగిపోకుండా కాలువను కాపాడే కావలి తలుపులు అక్కడి లాకులు. 1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు దాకా త్రవ్వించిన 11 మైళ్ళ ఉప్పుకాలువతో అది మొదలైనది. 1877–78లో మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే 8 కిలోమీటర్ల ముక్కను కరువు పనిగా త్రవ్వించినారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే మొత్తం కాలువకు స్థిరపడినది. ఆ కరువు ధాత నామ సంవత్సరపు కరువు. డెల్టావారికి అది ఒక కరువు, బళ్ళారి, కర్నూలు సీమలకు అదే కరువు. అనంతపురం అప్పటికి వేరు జిల్లా కాదు, బళ్ళారిలో భాగం.

ఇక మన సీమ కథకు వద్దాము. గోదావరి విజయం చూసి కాటన్ మరింత పెద్ద పథకం వేసినాడు. తుంగభద్ర నుంచి నీరు తీసి, పెన్నా లోయలోనికి మళ్ళించి, తూర్పు తీరం దాకా పంటకూ పడవకూ పనికివచ్చే ఒకే కాలువ. రైళ్ళకు పోసే డబ్బు కాలువలకు పోస్తే దేశం బాగుపడుతుందని ఆయన జీవితాంతం వాదించినాడు. ఈ పథకం కోసం లండనులో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడినది. పది లక్షల పౌనుల మూలధనం మీద నూటికి 5 వంతుల వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చినది. లాభం వస్తే వాటాదారులకు, రాకపోతే వడ్డీ భారం భారతదేశపు ఖజానాకు. ఖజానా అంటే శిస్తు కట్టే రైతే గదా.

కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టినారు. 1860వ దశకమంతా పని సాగినది. కాలువ కర్నూలు వద్ద హంద్రీ నదిని వంతెన మీదుగా దాటినది. క్రింద నది, పైన కాలువ. మిట్టకందాల వద్ద కృష్ణ, పెన్న నదుల నడిమి ఎత్తును కోసుకొని కుందూ లోయలోనికి దిగినది. నంద్యాల సీమ మీదుగా సాగి, ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట వద్ద పెన్నను దాటి కడప చేరినది. సుమారు 190 మైళ్ళు, అనగా 300 కిలోమీటర్లకు పైమాట. కర్నూలు పట్టణం సముద్రమట్టానికి 270 మీటర్లకు పైన ఉన్నది, కడప 140 మీటర్లకు లోపు. అనగా కర్నూలు పడవ కడప చేరేలోగా 130 మీటర్లకు పైగా దిగాలి, తిరిగి రావాలంటే అంత ఎత్తూ ఎక్కాలి. అందుకే దారి పొడుగునా లాకులు.

ఈ సంఖ్యను లోకంలోని ఇతర కాలువల ప్రక్కన నిలిపి చూడండి. 1914లో తెరిచిన పనామా కాలువలో ఓడ ఎక్కే ఎత్తు 26 మీటర్లు. 1894లో తెరిచిన మాంచెస్టర్ ఓడ కాలువలో 60 అడుగులు, అనగా 18 మీటర్లు. కెనడాలో నయాగరా జలపాతాన్ని తప్పించుకొని పోయే వెల్లండ్ కాలువ, 1932 నాటిది, 8 లాకులతో 99.5 మీటర్లు ఎక్కిస్తుంది. మన కర్నూలు–కడప కాలువ దాటవలసిన ఎత్తు వీటన్నింటికంటె ఎక్కువ. అది ఓడల కాలువ కాదు, పడవల కాలువ. దూరం కూడా చాలా ఎక్కువ, కనుక ఒక్కచోట అంత ఎత్తు పడలేదు. అయినను నయాగరాను మించిన మెట్లదారిని ఎండిన సీమలో కట్టబూనిన సాహసం చిన్నది కాదు.

సాహసం ఫలించలేదు. పది లక్షల పౌనులు కాలువ పూర్తి కాకముందే అయిపోయినవి. 1866లో ప్రభుత్వం మరి ఆరు లక్షల పౌనులు అప్పు ఇచ్చినది. 1871 నాటికి కాలువ కడప దాకా నిలిచినది గాని, నీటిపన్ను గాని పడవల ఆదాయం గాని ఆశించినంత రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనివేసినది. అనంతపురం జిల్లా విడిగా ఏర్పడినది కూడా ఆ యేడే. కాలువను తీరం దాకా తీసుకుపోవాలన్న తక్కిన పథకం కాగితం మీదనే మిగిలినది. 1878లో ఇంగ్లండు కామన్సు సభ నియమించిన సంఘం ఎదుట ముసలి కాటన్ తన కాలువల పక్షాన నిలబడి వాదించినాడు. కాని అప్పటికే, 1871లో, మద్రాసు రైలుమార్గం కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసిపోయినది. గెలుపు రైలుదే అయినది.

రైలు వచ్చి పడవను చంపినదని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చును. కాని గోదావరి డెల్టాలో రైలు వచ్చిన తరువాత కూడా పడవలు దశాబ్దాల పాటు నడిచినవి. మరి ఇక్కడ ఎందుకు నిలువలేదు? నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది నది. గోదావరికి వేసవిలోనూ ప్రవాహం ఉన్నది. తుంగభద్ర మాఘ ఫాల్గుణాలు దాటేసరికి సన్నగిల్లిపోతుంది. పంటకు నీరు కొన్ని నెలలు చాలు. పడవకు ఏడాది పొడుగునా లోతు కావాలి. పంట కోసిన తరువాతనే గదా ధాన్యం బయలుదేరవలసినది! సరిగా సరకు కదలవలసిన వేళకు కాలువ ఎండిపోయేది.

రెండవది వాలు. పంటకాలువ నీరు కదలాలి, కదలకపోతే ఒండ్రు పేరుకొంటుంది. పడవ కాలువ నీరు నిలవాలి, నిలవకపోతే ఎదురెక్కలేము. ఒకే కాలువతో రెండు పనులు చేయించాలంటే రెండింటికీ కొంత అన్యాయం చేయక తప్పదు. ఉత్తరదేశంలో 1854లో ప్రారంభమైన గంగా కాలువ విషయమై కాటన్‌కూ, దానిని నిర్మించిన కాట్లీకీ జరిగిన ప్రసిద్ధమైన వాగ్వాదంలో ఈ వాలు కూడా ఒక అంశమే. చదునైన డెల్టాలో ఈ చిక్కు సులభంగా విడిపోతుంది. 130 మీటర్ల పల్లంలో విడిపోదు.

మూడవది నేల. నంద్యాల లోయలోని నల్లరేగడి వాననీటి తేమను పట్టి ఉంచుకొని జొన్నను, ప్రత్తిని పండిస్తుంది. అక్కడి రైతు క్రొత్తగా వచ్చిన కాలువ నీటికీ, దాని వెంట వచ్చిన పన్నుకూ వెంటనే చేయి చాచలేదు. ఇందులో రైతు మూర్ఖత్వమేమీ లేదు. తన నేల సంగతి తనకు తెలుసు. రేగడి వద్దని చెప్పిన నీటిని లండను లెక్కలు కావాలని వ్రాసుకొన్నవి.

క్లుప్తంగా చెప్పాలంటే డెల్టా కొలతతో సీమకు అంగీ కుట్టించినారు. కుట్టుపని గొప్పది, బట్ట మంచిది, ఒంటికి మాత్రం సరిపోలేదు. కాలువ వృథా కాలేదన్న మాట కూడా చెప్పాలి. పడవలు పోయినవి గాని నీరు మిగిలినది. కె.సి. కాలువ అన్న పొట్టిపేరుతో అది నేటికీ కర్నూలు, నంద్యాల, కడప సీమలలో లక్షల ఎకరాలకు ప్రాణాధారం. కాటన్ కన్న కలలో సగం పండినది. పండని సగానికి గుర్తుగా లాకులు ఉండిపోయినవి.

ఇక్కడ కొలతల సంగతి కొంత వివరంగా చెప్పుకోవడం మంచిది. ఒక జలమార్గంలో ఎన్ని లాకులున్నా అన్నింటిలోకి చిన్నదే ఆ మార్గంలో తిరిగే పడవ కొలతను శాసిస్తుంది. పనామా కాలువ తొలి లాకు గదులు 1,000 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు. ఆ గదిలో పట్టేటట్లు 294 మీటర్ల పొడవు, 32.3 మీటర్ల వెడల్పు మించకుండా లోకమంతటా ఓడలు కట్టినారు. ఎక్కడో మధ్య అమెరికాలోని ఒక గది గోడలు కొరియాలో, జపానులో కట్టే ఓడల నడుములను కొలిచి నిర్ణయించినవి. 2016 జూన్ 26న తెరిచిన క్రొత్త గదులు 427 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు, 18.3 మీటర్ల లోతు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో అదే ఏట తెరిచిన లాకు 500 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. 2022లో నెదర్లాండ్స్‌లోని ఐముయిడెన్‌లో తెరిచినది 500 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ఫ్రేస్‌వైక్‌లో మొదలుపెట్టిన జాతి ఆరున్నర శతాబ్దాల తరువాత కూడా ఆ పనిలోనే ఉన్నది. చైనాలో మూడు కనుమల ఆనకట్ట వద్ద ఐదు మెట్ల లాకులున్నవి, ఒక్కొక్క గది 280 మీటర్ల పొడవు, 34 మీటర్ల వెడల్పు. చియావో వెయ్‌యుయె వారసులు కూడా పని మానలేదు.

గదులు పెరిగినకొద్దీ ముందు చెప్పిన సూత్రం భయం గొలుపుతుంది. 45 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల పడవ లాకులో 3 మీటర్ల ఎత్తు దిగడానికి 810 ఘనపు మీటర్ల నీరు, అనగా 8 లక్షల లీటర్లు, క్రిందికి పోతుంది. పంటకాలువలో ఇది నష్టం కాదు, క్రింది రైతుకు చేరుతుంది. పనామాలో అట్లా కాదు. అక్కడ ఒక ఓడ ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి దాటడానికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు గాటూన్ సరస్సు నుంచి ఉప్పు సముద్రంలో కలుస్తుంది. మన వాడుక లెక్కలో చెప్పాలంటే దాదాపు 140 ఓడలు దాటితే ఒక టీఎంసీ. రోజుకు 36 ఓడల చొప్పున నాలుగు దినాలు! క్రొత్త గదుల ప్రక్కన తొట్లు కట్టి నూటికి 60 వంతుల నీటిని తిరిగి వాడుకొంటున్నారు గాని సమస్య తీరలేదు. 2023లో వానలు తప్పి సరస్సు దిగిపోతే, ఆ డిసెంబరులో రోజుకు 22 ఓడలకే దారి ఇచ్చినారు. తక్కినవి కడలిలో బారులు తీరి కాచుకొన్నవి. ఆ సరస్సు నీళ్ళే పనామా నగరవాసులు త్రాగే నీళ్ళు. ఓడకు ఇచ్చేదా, గొంతుకు ఇచ్చేదా అన్న ప్రశ్న లోకంలోకెల్లా సంపన్నమైన కాలువ గట్టు మీద లేచినది. మా ఊళ్ళలో చెరువు అడుగు కనిపించే వేసవిలో ప్రతి తరమూ అడుగుతూ వచ్చిన ప్రశ్న అది.

సూయజ్ కాలువకు లాకులు లేవు, 1869 నుంచి సముద్రం సముద్రంలోనికి నేరుగా పారుతున్నది. దానిని త్రవ్వించిన ఫెర్డినాండ్ ద లెస్సెప్స్ పనామాలో కూడా లాకులు వద్దని, సముద్రమట్టం దాకా కోసివేయాలని 1881లో పట్టుపట్టినాడు. జ్వరాలకూ, జారిపడే కొండచరియలకూ వేలమంది బలి అయి ఆ కంపెనీ 1889లో కూలినది. అక్కడి నేల ఎత్తును ఒప్పుకొన్నవారు వచ్చిన తరువాతనే కాలువ పూర్తి అయినది. ఒక చోట గెలిచిన కొలత మరొక చోటికి పనికిరాదన్న పాఠం సుంకేసులలో కాటన్ కంపెనీ నేర్చుకొన్నది, పదేండ్ల తరువాత పనామాలో లెస్సెప్స్ కంపెనీ మళ్ళీ నేర్చుకొన్నది. ఇద్దరూ గొప్పవారే. ఇద్దరినీ దారి తప్పించినది వారి మొదటి విజయమే.

మన తీరపు జలమార్గానికి మళ్ళీ మంచిరోజులు వస్తాయన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తూ ఉంటుంది. 1965, 1966 తుఫానులలో బకింగ్‌హాం కాలువ బాగా దెబ్బతిన్నది. లారీలు పెరిగినకొద్దీ పడవలు తగ్గిపోయినవి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణ నదుల భాగాలతో కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించినారు. 2017లో కృష్ణా నదిపై ముక్త్యాల నుంచి విజయవాడ దాకా మొదటి దశ పనికి శంకుస్థాపన జరిగినది. కాలువలలో పెద్ద పడవలు నడవాలంటే మొదటి అడ్డంకి మళ్ళీ లాకే. పందొమ్మిదవ శతాబ్దపు తెరచాప పడవల నడుము కొలతకు కట్టిన గదులలో నేటి బార్జీలు పట్టవు. గదులు పెంచాలంటే గట్లు జరగాలి, గట్ల మీద పెరిగిన ఇండ్లు జరగాలి. వద్దని నేను అనను. అయితే పని మొదలుపెట్టే ముందు కాలువలో ఏయే నెలల్లో ఎంత లోతు ఉంటుందో, ఆ నీటి మీద మొదటి హక్కు ఎవరిదో లెక్క తేల్చుకోవలసి ఉన్నది.

మా వైపు నీటి కథ మరొక దారి పట్టినది. కె.సి. కాలువ వంతెన మీదుగా దాటిన ఆ హంద్రీ పేరుతోనే హంద్రీ–నీవా పథకం శ్రీశైలం నీటిని అనంతపురం సీమలోనికి తెస్తున్నది. లాకు పల్లాన్ని నమ్ముకొని పడవను ఎక్కిస్తుంది. ఇక్కడ కరెంటును నమ్ముకొని పంపులతో నీటినే ఎక్కిస్తున్నారు. నీరు మెట్టు మెట్టుగా మిట్టకు వస్తున్నది, పడవ లేకుండానే. బుక్కపట్నం, ధర్మవరం చెరువుల వంటి పాత చెరువులే ఆ నీటికి నేటికీ తగిన పాత్రలు. సింగయభట్టు చూస్తే పంపులకు ఆశ్చర్యపడునేమో గాని పని ఉద్దేశానికి ఆశ్చర్యపడడు. నదిని చెరువుకు తేవడమే గదా ఆయనకు ఇచ్చిన ఆజ్ఞ.

కృష్ణా డెల్టాలో, బాపట్ల వైపు, మా ఊరి పేరును పోలిన నల్లమడ వాగు ఒకటి ఉన్నది. అక్కడివారి బాధ ఎక్కువ నీరు, వరద వస్తే పొలాలు మునిగిపోతాయి. మా బాధ తక్కువ నీరు. పేరు ఒక్కటే అయినంత మాత్రాన మందు ఒక్కటి కాదు. లాకు చరిత్ర అంతా చదివిన తరువాత నాకు మిగిలిన భావం ఇదే. నీటికి ఎక్కడి కొలత అక్కడిదే. పోరుమామిళ్ళ శాసనకర్త చెరువు కొలతలు చెప్పి ఊరుకోక, దోషాలు కూడా చెప్పినది అందుకే అనుకొంటాను.

చదువరులలో డెల్టా వారు చాలామంది ఉన్నారు. మీకొక విన్నపం. పోరుమామిళ్ళ చెరువు కొలతలు రాతి మీద ఉన్నవి కనుక మిగిలినవి. లాకుల కొలతలు సర్కారు దస్తరాలలో ఉన్నవి కనుక అవీ మిగులుతాయి. సరంగులు, లస్కర్లు, తాడు లాగినవారు వాడిన మాటలు ఎక్కడా వ్రాసి లేవు. లాకు తలుపుకు, దానిని త్రిప్పే చక్రానికి, గదిలో నీరు సుడి తిరిగి లేచే ఆ క్షణానికి వారు ఏ మాట వాడేవారు? పడవ గోడకు తగలకుండా అడ్డం పెట్టే వస్తువును ఏమని పిలిచేవారు? మీ ఇండ్లలో, మీ ఊళ్ళలో ఆ మాటలు తెలిసిన పెద్దలు ఉంటే అడిగి వ్రాసి పెట్టండి. పడవలు పోయిన తరువాత కూడా మాటలు కొంతకాలం నిలుస్తాయి. ఆ తరువాత వాటినీ దాటించే లాకు ఉండదు.

స్వస్తి.